ఒకే మనిషి, రెండు చెవులు: ఒకదానికి చుక్కలు, రెండోదానికి వద్దు

రోగి 58 ఏళ్ల గృహిణి. పశ్చిమ గోదావరి జిల్లాలో చేపల చెరువుల మధ్య ఉన్న ఒక పల్లె. పదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది, మాత్రలు వాడుతున్నారు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.4 శాతం వచ్చింది. తలంటు పోసుకున్న మర్నాటి నుంచి కుడి చెవి పూర్తిగా మూసుకుపోయిందని, లోపల హోరుగా ఉందని వచ్చారు. ఎడమ చెవి ఎప్పటి నుంచో కాస్త మందంగానే ఉందట, ఈ మధ్య దాంట్లో విపరీతమైన దురద. నొప్పి లేదు, జ్వరం లేదు, తల తిరగడం లేదు. ఆమె అనుమతితో, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి ఈ కేసు రాస్తున్నాను.

వెంట వచ్చిన కోడలు కూర్చుంటూనే, "అత్తయ్య గారికి వినికిడి మిషను పెట్టించాలేమో చూడండి డాక్టరు గారూ" అన్నారు. వయసు మీద పడింది, టీవీ గట్టిగా పెడుతున్నారు, పిలిస్తే పలకడం లేదు, కాబట్టి మిషను. ఇంట్లోవాళ్లు ఆ నిర్ణయానికి వచ్చేశారు. ఆమె మాత్రం, "మొన్నటిదాకా బాగానే వినిపించింది బాబూ, నీళ్లు పోయాయంతే" అని ఒకే మాట మీద ఉన్నారు. కుడి చెవి విషయంలో ఆమె చెప్పిందే నిజం, దాన్ని మూసింది గులిమి.

గులిమి నెమ్మదిగా పేరుకుంటుంది కానీ చెవుడు మాత్రం ఒక్కసారిగా వస్తుంది. చాలామంది నమ్మని విషయమిది. చెవి నాళం దాదాపు మూసుకుపోయినా, గులిమికీ గోడకూ మధ్య సన్నని సందు మిగిలి ఉన్నంతకాలం శబ్దం ఆ సందులోంచే కర్ణభేరిని చేరుతుంది. మనిషికి తేడా తెలియదు. తలంటుకో, చెరువులో మునకకో లోపలికి పోయిన నీటిని పీల్చుకుని గులిమి ఉబ్బిన క్షణాన ఆ ఆఖరి సందు పూడుకుపోతుంది. అందుకే రోగి "నిన్నటిదాకా బాగుంది" అంటాడు, అబద్ధం కాదు.

ఇంట్లో ఏమేం చేశారని అడిగాను. ఈ ప్రశ్నకు పూర్తి జవాబు మొదటిసారే రాదు, ఓపిగ్గా అడగాలి. రోజూ స్నానం తర్వాత బడ్లతో రెండు చెవులూ తుడుస్తారు. దురద పెడితే తలపిన్ను. చెవి మూసుకుపోయాక వెల్లుల్లి రేకలు వేసి కాచిన నువ్వుల నూనె రెండు పూటలా, రెండు చెవుల్లో. పక్కింటివారి సలహా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒకసారి. ఎడమ చెవిలో భగ్గుమని మండిందట, అక్కడితో ఆపేశారు. కొడుకు ఆన్‌లైన్‌లో తెప్పించిన కెమెరా గరిటె కూడా సంచిలో తెచ్చారు. ఫోనుకు తగిలిస్తే చెవి లోపలంతా తెర మీద కనిపిస్తుంది, కొసన చిన్న గరిటె ఉంటుంది. "ఏదో నల్లగా కనిపించింది, గీరబోతే అమ్మ కేక పెట్టింది" అని కొడుకు చెప్పాడట.

కెమెరా గరిటెల గురించి ఇక్కడ ఒక మాట. తెర మీద కనిపించే బొమ్మకు లోతు ఉండదు. గరిటె కొస నుంచి కర్ణభేరి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉందో, తగిలిందో ఆ బొమ్మను చూసి చెప్పలేం. మేము వాడే మైక్రోస్కోపులో రెండు కళ్లతో చూస్తాం, లోతు తెలుస్తుంది, రోగి తల కదలకుండా పట్టుకోవడానికి ఒకరు ఉంటారు. అప్పుడు కూడా చెయ్యి జాగ్రత్తగానే కదులుతుంది. సోఫాలో కూర్చుని, ఒక కన్ను ఫోను మీద, ఒక చెయ్యి అమ్మ చెవిలో పెట్టి చేసే పని కాదిది.

ఆ తర్వాత ఈ కేసును మలుపు తిప్పిన ప్రశ్న అడిగాను. "అమ్మా, చిన్నప్పుడు ఎప్పుడైనా చెవిలో చీము కారిందా?" కోడలు లేదన్నారు. ఆమె కాసేపాగి, "ఎడమ చెవి కారేది. పెళ్లయిన కొత్తల్లో కూడా కారింది. తర్వాత దానంతటదే ఆగిపోయింది" అన్నారు. చీము ఆగిందంటే చిల్లు పూడిందని అర్థం కాదు. కర్ణభేరిలో చిల్లు ఉండి కూడా ఏళ్ల తరబడి చెవి పొడిగా ఉండవచ్చు. పెరాక్సైడ్ ఎడమ చెవిలోనే ఎందుకు మండిందో ఆ మాటతో చాలావరకు తేలిపోయింది.

పరీక్షకు ముందే నేను తేల్చుకోవాలనుకున్నది ఒకటుంది. "చెవి మూసుకుపోయింది" అని వచ్చేవారందరిదీ గులిమి కాదు. లోపలి చెవి నరం హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు కూడా రోగి సరిగ్గా ఇదే మాట అంటాడు: మూసుకుపోయింది, హోరుగా ఉంది. అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే ప్రయోజనం తగ్గిపోతుంది. అలాంటి రోగి గులిమి అనుకుని వారం చుక్కలు, ఇంకో వారం నూనె వేసుకుంటూ కూర్చుంటే ఆ సమయం మళ్లీ రాదు.

రెండింటినీ విడదీయడానికి 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు (కొడితే మోగే రెండు కాళ్ల లోహపు పరికరం) వాడతాం. మోగించి నుదుటి మధ్యన ఆనిస్తే, గులిమి వంటి అడ్డు ఉన్నప్పుడు శబ్దం మూసుకుపోయిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. నరం దెబ్బతింటే బాగున్న చెవి వైపుకు పోతుంది. ఫోర్కు లేకున్నా ఇంట్లో దీనికి దగ్గరి పరీక్ష ఒకటి చేయవచ్చు. నోరు మూసుకుని "మ్..." అని సన్నగా కూనిరాగం తీయాలి. ఆ ధ్వని మూసుకుపోయిన చెవిలో మోగితే అడ్డే కావచ్చు. అవతలి చెవిలో మోగితే ఆ రోజే చెవి డాక్టరును కలవాలి. ఇది డాక్టరు పరీక్షకు బదులు కాదు, రెండు చెవులకూ జబ్బు ఉన్నప్పుడు తికమక పెడుతుంది కూడా. అయినా ఎప్పుడు ఆగకూడదో చెప్పడానికి పనికొస్తుంది. ఈమెకు కూనిరాగమూ ఫోర్కూ కుడివైపే మోగాయి.

చెవి లోపల చూసే ఓటోస్కోపుతో చూస్తే కుడి చెవి నాళాన్ని ముదురు గోధుమ రంగు గులిమి పూర్తిగా నింపేసి ఉంది. గట్టిగా, నిగనిగలాడుతూ ఉంది. చుట్టూ చర్మం ఎర్రబడలేదు, వాపు లేదు. అది ఉన్న చోటు చూడగానే బడ్ల చరిత్ర అర్థమవుతుంది. పెద్దవాళ్ల చెవి నాళం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. గులిమిని తయారుచేసే గ్రంథులు బయటి మూడో వంతులోనే, మృదులాస్థి భాగంలోనే ఉంటాయి. లోపలి ఎముక భాగంలో ఆ గ్రంథులే లేవు. కాబట్టి కర్ణభేరి దగ్గర గులిమి కనిపిస్తే సాధారణంగా దాన్ని ఎవరో అక్కడికి నెట్టారన్నమాట.

నెట్టకుండా వదిలేస్తే అది బయటికే వస్తుంది. కర్ణభేరి మధ్య నుంచి చర్మపు పైపొర చెవి ద్వారం వైపు నిరంతరం జరుగుతూ ఉంటుంది, దాదాపు గోరు పెరిగే వేగంతో. మాట్లాడినా, నమిలినా దవడ కదలిక దానికి తోడవుతుంది. పాత గులిమి ఆ చర్మంతో పాటు బయటికి వచ్చి రాలిపోతుంది. బడ్డు దూది కొస లావు నాళానికి ఇంచుమించు సరిపోతుంది. అందువల్ల అంచున ఉన్నది కాస్త దూదికి అంటుకుని వస్తుంది, మిగతాది లోపలికి దట్టించుకుపోతుంది. దూదికి అంటిన పసుపు మరక చూసి చెవి శుభ్రమైందని సంతోషపడతాం.

ఎడమ చెవి పరిస్థితి వేరు. నూనెతో తడిసి ఉంది. గులిమి తక్కువే, దాని మీద తెల్లని బూజు, మధ్య మధ్య నల్ల చుక్కలు; మా పాఠ్యపుస్తకాల్లో తడిసిన వార్తాపత్రికలా ఉంటుందని రాసేది దీన్నే. ఆస్పర్జిల్లస్ నైగర్ అనే ఫంగస్. నాళం కింది గోడ మీద తలపిన్ను గీత. కర్ణభేరి కనిపించలేదు. కోస్తాలో వానాకాలం, ఉక్కపోత రోజుల్లో ఇలాంటి చెవులు చాలా వస్తాయి. చెమ్మ, నూనె, గీరిన చర్మం, పైన చక్కెర వ్యాధి. బూజుకు ఇంకేం కావాలి? గులిమికి స్వతహాగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, సూక్ష్మజీవుల్ని పెరగనివ్వదు. రోజూ దాన్ని తుడిచేసి ఆ స్థానంలో నూనె పోయడమంటే కాపలా తీసేసి తలుపు తెరిచిపెట్టడమే.

రెండు చెవులకు రెండు నిర్ణయాలు తీసుకున్నాను.

ఎడమ చెవిలో చుక్కలు వద్దు, నూనె వద్దు, నీళ్లు అసలే వద్దు అన్నాను. చిల్లు ఉందని అనుమానం ఉన్న చెవిలో ఏం పోసినా అది మధ్య చెవిలోకి పోతుంది. గులిమి కరిగించే మందుల్లో చాలావాటి మీద ఈ హెచ్చరిక రాసే ఉంటుంది, సీసా పెట్టెలో మడిచిన కాగితం ఎవరూ విప్పరు. పైగా చక్కెర ఉన్నవారి చెవిలో నీటితో వచ్చే ఇన్ఫెక్షన్‌ను తేలికగా తీసుకోలేం. సూడోమోనాస్ అనే బాక్టీరియా చర్మాన్ని దాటి పుర్రె అడుగు ఎముకలోకి పాకే జబ్బు ఒకటుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని లోతైన నొప్పి దాని మొదటి గుర్తు. ఈమెకు ఆ నొప్పి లేదు, నాళంలో కండ పెరుగుదల లేదు. ఆ రోజే మైక్రోస్కోపు కింద సక్షన్‌తో, అంటే పీల్చే సన్నని గొట్టంతో బూజు, గులిమి తీశాను. అప్పుడు కర్ణభేరి కింది ముందు భాగంలో పాత చిల్లు కనిపించింది, చుట్టూ పొడిగానే ఉంది. నాళం చర్మానికి ఫంగస్‌ను చంపే క్లోట్రిమజోల్ మలాం పూసి, వారం తర్వాత రమ్మన్నాను.

కుడి చెవిని ఇంటి వైద్యానికి వదిలిపెట్టాను. ఇది విని కోడలు ఆశ్చర్యపోయారు. "దాన్ని కూడా ఇప్పుడే లాగేయొచ్చు కదండీ" అన్నారు. లాగేయవచ్చు. అయితే రాయిలా గట్టిపడి, సన్నని చర్మానికి అతుక్కుని ఉన్న గులిమిని లాగితే నొప్పి, రక్తం. మెత్తబడితే అదే వస్తుంది, లేదా సులువుగా తీయవచ్చు. ఈ చెవిలో ఎప్పుడూ చీము లేదు, శస్త్రచికిత్స జరగలేదు, నొప్పి లేదు, చర్మం బాగుంది. చుక్కలు వేసుకోవడానికి తగిన చెవి ఇదే.

ఏ చుక్కలు? రోగులు ఎక్కువగా అడిగేది, నా దృష్టిలో అంత ముఖ్యం కానిది ఈ ప్రశ్నే. వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్ష గులిమి చుక్కల మీద జరిగిన ప్రయోగాలన్నీ చూసి, ఒకటి మరొకదాని కంటే మెరుగని చెప్పే ఆధారం దొరకలేదంది. మామూలు నీటి కన్నా, సెలైన్ కన్నా ఖరీదైన మందు బాగా పనిచేస్తుందనడానికి కూడా సరైన రుజువు లేదు. మన మందుల షాపుల్లో దొరికే చాలా గులిమి చుక్కల్లో పారాడైక్లోరోబెంజీన్, బెంజోకైన్, టర్పెంటైన్ నూనె ఉంటాయి. పనిచేస్తాయి, కానీ కొందరి చర్మాన్ని మండిస్తాయి. ఈమె చర్మం ఇప్పటికే నూనెలతో విసిగి ఉంది కనుక సోడియం బైకార్బనేట్, గ్లిజరిన్ కలిసిన చుక్కలు రాశాను. ప్రభుత్వాసుపత్రుల్లో ఎప్పటి నుంచో ఇచ్చే చవకైన మందు.

వేసుకునే పద్ధతి మాత్రం ముఖ్యం. దాన్ని కోడలికి చేసి చూపించాను. సీసాను ముందు కొన్ని నిమిషాలు గుప్పిట్లో పట్టుకోవాలి. చల్లటి మందు లోపలికి పోతే లోపలి చెవిలోని ద్రవం కదిలి తల గిర్రున తిరుగుతుంది. మరీ వేడైనా అంతే, అందుకని పొయ్యి మీద పెట్టకూడదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కుడి చెవి పైకి ఉండేలా చూసి, చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే నాళం తిన్నగా అవుతుంది. నాలుగైదు చుక్కలు వేసి, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపెను మెల్లగా కొన్నిసార్లు నొక్కితే మందు లోపలికి దిగుతుంది. పది నిమిషాలు అలాగే ఉండి, లేచి, కారినది గుడ్డతో బయట తుడుచుకోవాలి. దూది కూరకూడదు, మందును అదే పీల్చేస్తుంది. రోజుకు మూడుసార్లు, ఐదు రోజులు.

ఇంకో హెచ్చరిక చేశాను, చుక్కల వైద్యం సాధారణంగా చెడేది దీని దగ్గరే. రెండో రోజుకు చెవి ఇంకా ఎక్కువగా మూసుకుపోయినట్టు అనిపించవచ్చు. గులిమి మెత్తబడేటప్పుడు ఉబ్బుతుంది. అప్పుడు జనం భయపడి మందు మానేస్తారు, లేదా మెత్తబడింది కదా అని పుల్ల పెడతారు. మెత్తబడిన గులిమిని పుల్లతో పొడిస్తే ఇంకా లోతుకు, కర్ణభేరికి అతుక్కునేలా పోతుంది. ఇంట్లో చేయాల్సింది మెత్తబరచడం, ఆగడం. తవ్వే పని ఇంటిది కాదు.

రబ్బరు బల్బుతో నీళ్లు కొట్టుకోవచ్చా అని కోడలు అడిగారు, ఆన్‌లైన్‌లో చూశారట. కొందరు కొట్టుకోవచ్చు. కర్ణభేరి బాగుందని ఇదివరకే తెలిసి, చక్కెర వ్యాధి, చెవి ఆపరేషన్, నొప్పి, చీము ఏవీ లేనివారు, మూడు నాలుగు రోజులు మెత్తబరచిన తర్వాత. నీళ్లు ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీల సెల్సియస్‌కు దగ్గరగా ఉండాలి. ధార నేరుగా లోపలికి కాకుండా నాళం పైగోడ వెనుకవైపుకు తగలాలి. నొప్పి పుట్టినా, తల తిరిగినా వెంటనే ఆపాలి. సూది తీసేసిన ఇంజక్షన్ సిరంజితో బలంగా కొట్టడం మాత్రం ప్రమాదం. పెద్ద పిచికారీ సిరంజిని ఆసుపత్రిలో కూడా వాడవద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో చెప్పింది. కుడి చెవి ఎంత బాగున్నా చక్కెర వల్ల ఈమెకు నీళ్లు వద్దన్నాను.

నాలుగో రోజు ఉదయం కోడలు ఫోను చేశారు. దిండు గలేబు మీద గోధుమ రంగు మరకలట, రాత్రి ఆవులించినప్పుడు చెవిలో టప్పుమని శబ్దం వచ్చిందట, "అత్తయ్య గారు వంటింట్లోంచి నన్ను టీవీ తగ్గించమంటున్నారు" అన్నారు. ఐదు రోజులూ పూర్తి చేసి వచ్చాక చూస్తే కుడి కర్ణభేరి ముత్యపు రంగులో చక్కగా కనిపించింది. ట్యూనింగ్ ఫోర్కుతో చూస్తే కుడి చెవి వినికిడి మామూలుగా ఉంది. నాళం బయటి భాగంలో గోడకు కొంత గులిమి మిగిలి ఉంది. "అది కూడా తీసేయండి" అన్నారు ఆమె. తీయలేదు. దాని స్థానం అక్కడే.

ఆ రోజు సంభాషణ ఇంట్లోని మిగతావారి మీదకు మళ్లింది. కోడలికి ఏడాదిన్నర కొడుకు ఉన్నాడు, తలంటు పోసిన ప్రతిసారీ వాడి చెవుల్లో నూనె చుక్క వేస్తారు. మానేయమన్నాను. పిల్లల చెవుల్లో గులిమి దాదాపు పదిమందిలో ఒకరికి అడ్డుపడుతుంది, మిగతావారికి ఏమీ చేయనక్కర్లేదు. ఇంకో సంగతి, పిల్లలు చెవిలో ఏదైనా దూర్చుకున్నారేమోనన్న అనుమానం ఉంటే చుక్కలు వేయకూడదు. శనగ గింజో, పెసర గింజో అయితే నీటికి ఉబ్బి బిగుసుకుపోతుంది. బొమ్మలోని బొత్తం బ్యాటరీ అయితే తడి తగిలి గంటల్లోనే చర్మాన్ని కాల్చేస్తుంది, రాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాలి. చెవిలో నూనె పోయడానికి నేను ఒప్పుకునే సందర్భం ఒక్కటే ఉంది. బతికున్న పురుగు దూరినప్పుడు, కర్ణభేరికి చిల్లు లేదని తెలిస్తే, గోరువెచ్చని నూనె చుక్కలు వేస్తే అది చచ్చి కదలిక ఆగుతుంది. తీయడం తర్వాత సంగతి.

"మళ్లీ పేరుకుంటుందా బాబూ?" అని ఆమె అడిగారు. పేరుకోవచ్చు. కొందరికి నాళం వంకరగా, ఇరుకుగా ఉంటుంది. వయసుతో పాటు గ్రంథులు ఎండి గులిమి పొడిగా, గట్టిగా తయారవుతుంది. వృద్ధుల్లో మూడో వంతు కన్నా ఎక్కువమందికి అడ్డుపడే స్థాయిలో ఉంటుందని అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. వినికిడి మిషను వాడేవారికి ఇంకా ఎక్కువ, మిషను ఊరికే కీచుమంటుంటే ముందు చెవిలో గులిమి చూడమంటాను. నివారణకు వారానికోసారి నూనె చుక్కలు వేయమనే వైద్యులు ఉన్నారు, పొడి చర్మం ఉన్నవారికి అది నప్పుతుంది. ఎడమ చెవిలో బూజు చూశాక ఈ ఇంట్లో నూనె మాట ఎత్తడం నాకు ఇష్టం లేకపోయింది. బడ్లు, పిన్నులు మానేయడం, ఆరు నెలలకోసారి చూపించుకోవడం చాలన్నాను. కుడి చెవి మళ్లీ మూసుకుపోతే ఇవే చుక్కలు ఐదు రోజులు వాడవచ్చు. అప్పుడు నొప్పి, చీము, రక్తం, తల తిరుగుడు, ముఖం ఒక పక్కకు లాగడం వీటిలో ఏది ఉన్నా చుక్కల జోలికి పోకుండా రావాలి. ఐదు రోజులకు తెరుచుకోకపోయినా రావాలి.

ఎడమ చెవికి మూడు వారాలు పట్టింది. రెండోసారి సక్షన్ చేశాను, దురద పోయింది, తలపిన్ను గీత మానింది. స్నానం చేసేటప్పుడు వ్యాజలైన్ రాసిన దూది ఉండను చెవి ద్వారం దగ్గర పెట్టుకుంటున్నారు, లోపలికి తొయ్యకుండా. చెవి పొడిగా ఉన్నాక వినికిడిని కొలిచే ఆడియోగ్రామ్ తీయిస్తే ఎడమవైపు 30 డెసిబెల్స్ లోపం వచ్చింది. గాలి ద్వారా శబ్దం వెళ్లే దారిలోనే లోపం, నరం బాగుంది. కుడివైపు వయసుకు తగ్గట్టు ఉంది. మిషను అక్కర్లేదు. చిల్లు పూడ్చే టింపనోప్లాస్టీ ఆపరేషన్ గురించి వివరించాను. చక్కెర 7.5 శాతం లోపుకు వస్తే చేద్దామన్నాను. వరికోతలయ్యాక వస్తానన్నారు, ఈలోగా మాత్రల మోతాదు మార్చడానికి ఫిజీషియన్ దగ్గరకు పంపాను.